ముందు కాలి కీలు

సోమవారం పొద్దున, విఠలయ్య ఎడమ మోకాలి కీలు తయారీని నిలిపివేసినట్టు కంపెనీ నుంచి ఉత్తరం వస్తుంది. అతను దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుంటాడు. మోకాలు అప్పటికే వంగడం మానేసింది. కంపెనీ సరుకు ఆలస్యంగా వస్తుంది గానీ మాట వెంటనే అమలవుతుంది.

తప్పు అతనిదే. సికింద్రాబాదులో పాత చిన్న విమానాలకు విడిభాగాలు తెప్పించే కొట్టు అతనిది. విమానం ముందు చక్రాన్ని మోసే కడ్డీని ఆ కొట్లో ముందు కాలు అంటారు. తయారైన సంవత్సరాన్ని పుట్టిన ఏడు అంటారు. ఫిలోమినా విమానానికి ఆర్డరు రాస్తూ "కాలి కీలు ఒకటి" అని రాశాడు. పుట్టిన ఏడు దగ్గర అలవాటుగా తను పుట్టిన ఏడు రాసేశాడు. కంపెనీ ఆ ఆర్డరును అతని కాలికే లెక్కగట్టింది.

మధ్యాహ్నం ఫిలోమినా వస్తుంది. ఆ రెండు సీట్ల విమానంలో నలభై ఏళ్లుగా ఎగరడం నేర్పుతున్న మనిషి.

"అన్నా, కీలు వచ్చిందా? శుక్రవారం ఇన్‌స్పెక్టర్ వస్తడు. నా పిట్ట లేవకుంటే తుక్కు కింద కోసేస్తరంట."

"కంపెనీ చేతులెత్తేసిందమ్మా."

"నీ చేతులున్నయ్ కదా! ఏదో ఒకదాన్ని విప్పుకరా. నీకు కొత్తనా?"

కొత్త కాదు. కొట్టు వెనక షెడ్డులో రెక్కల్లేని విమానాలు నాలుగున్నాయి. వాటి యజమానులకు "మీ మోడలుకు ఇక సపోర్టు లేదు" అని చెప్పింది విఠలయ్యే. మర్నాడే విప్పడం మొదలుపెట్టిందీ అతనే. దొరకవని వాళ్లకు చెప్పిన భాగాలు అప్పుడు అతని బీరువాలోనే ఉన్నాయి.

ఇప్పుడు ఆ నాలుగింటిలో ఒక్క కీలూ మిగల్లేదు. కాలీడ్చుకుంటూ అరల వెంట వెతుకుతుంటే అరలు పొడవవుతాయి. మూడో రోజుకు వాటి చివర కంపెనీ కౌంటరు తగులుతుంది. అక్కడ కూర్చున్నామె చేతులకు వేళ్ల బదులు చీటీలున్నాయి.

"విమానానికి కీలు లేదు, మీకూ లేదు" అంటుందామె. "ఒకరిని విప్పితే ఒకరు నడుస్తారు."

"నాది పనిచేస్తలేదు కదమ్మా?"

"మీ దగ్గర పనిచేయదు. సపోర్టు లేనిది మోడలుకు, భాగానికి కాదు. ఈ సంగతి మీకు తెలిసినంత మాకూ తెలియదు."

విఠలయ్య బేరం పెడతాడు. "ఒక్కటే ఇస్త. రెండోది అడగొద్దు మరి."

"మేం అడగం" అంటుందామె. "అడిగేవాళ్లు వేరే ఉన్నారు."

శుక్రవారం అతని ఎడమ మోకాలి నుంచి విప్పిన కీలు విమానానికి వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోతుంది. ఇన్‌స్పెక్టర్ చూస్తుండగానే విమానం లేస్తుంది.

"లేచిందన్నా!" రేడియోలో ఫిలోమినా కేక. కాసేపటికి మళ్లీ ఆమె గొంతు. "దిగుతలేదన్నా. కూసుంటున్నది."

నిజమే. విమానం ఒక తెల్లమబ్బు మీద ముందు కాలు మడుచుకుని కూర్చుంటుంది, విఠలయ్య రోజూ కొట్లో పరుపు మీద కూర్చునేటట్టే.

"ముందెవరు?" అని విమానం, కొట్లో గిరాకీలను పిలిచే అతని గొంతుతోనే అడుగుతుంది.

షెడ్డులోని నాలుగు విమానాలూ వచ్చి రన్‌వే మీద వరసగా నిలబడతాయి. విఠలయ్య చివర నిలబడతాడు. కొట్లో అతనెప్పుడూ ఎవరినీ వరస తప్పనివ్వలేదు.

"మీ మోడళ్లకు ఇక సపోర్టు లేదు" అంటుంది పైనుంచి గొంతు. "మీలో మీరు చూసుకోండి."

అతని ముందున్న విమానం వెనక్కి తిరుగుతుంది. నోట్లోంచి కొలత టేపు నాలుకలా చాపి, అతని కుడి మోకాలిని కొలుస్తుంది. మిగతా మూడూ అంకె రాసుకుంటాయి.