సున్నా పాడిన చేతిలో ఇస్పేటు ఆసు

నేను ఒక ఇస్పేటు ఆసును. ఏదో ప్రెస్సులో తక్కిన పేకముక్కలతో పాటే పుట్టినా, అచ్చువేసినవాళ్ళు నాకు మాత్రం నడిమధ్య ఇంత పెద్ద గుర్తు వేశారు. అప్పటినుంచీ నాకు కాస్త తలపొగరు. మొదట ఒక రైల్వే గార్డు చేతిలో నలిగాను. ఆయన బదిలీ అయి వెళ్తూ మా కట్టను రామచంద్రపురంలో ఉన్న స్నేహితుడు గవర్రాజుగారికి ఇచ్చేశారు.

ఆ ఇంట్లో భోజనాలయ్యాక గవర్రాజుగారు, ఆయన భార్య, ఇద్దరు కోడళ్ళు ఆటకు కూర్చునేవారు. ఎదురెదురుగా ఉన్నవాళ్ళు జోడీ. నలుగురూ తలో ముక్క వేస్తే, పెద్దముక్క వేసినవాళ్ళది ఆ పట్టు. ముక్కలు చూసుకుని తమకు ఎన్ని పట్లు వస్తాయో ఎవరికివారు ముందే చెప్పాలి. దాన్నే పాట అంటారు. సున్నా పాడినవాళ్ళకు ఒక్క పట్టు వచ్చినా జోడీ మునిగినట్టే. మిగతా రంగులన్నిటినీ కొట్టే తురుపు ఇస్పేటే, అందులో పెద్దముక్కను నేనే కాబట్టి నన్ను కొట్టే ముక్క లేదు. నేనున్న చేతికి ఒక పట్టు ఖాయం.

చిన్నకోడలు ఇందుమతి మామగారి జోడీ. ఆమెకు ఊళ్ళోని బడిలో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. చేరతావా అని ఆయన అడిగితే "ఎందుకులెండి" అంది. ఆయన నమ్మేశారు. మనుషులు పేకాటలో తప్ప ఎదుటివాళ్ళ మొహం చూడరు. ఆ సాయంత్రమే బడికి ఫోన్ చేసి, మా కోడలు రాదని చెప్పేద్దామనుకున్నారు. పాపం, ఆమెకు అన్నం సయించడం లేదు.

ఆ ఫోన్ చెయ్యకముందే, మధ్యాహ్నం ఆటలో నేను ఆమె చేతిలో పడ్డాను.

"ఎన్ని పాడతావమ్మా?" అన్నారు గవర్రాజుగారు.

"నాకేం వద్దండి, మీరు పాడండి మావయ్యగారూ."

"సున్నానా! శభాష్!" అంటూ ఆయన రాసేసుకున్నారు. ఆమె నన్ను మిగతా ముక్కల వెనక్కి తోసేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆట చివర్లో తోడికోడలు ఇస్పేటు దింపింది, ఇస్పేటు ఉన్నవాళ్ళు ఇస్పేటే వెయ్యాలి. ఆమె చేతిలో ఇస్పేటు నేనొక్కదాన్నే మిగిలాను. తలవంచుకుని నన్ను వేసింది. పట్టు వచ్చింది, జోడీ మునిగింది.

"ఆసు పెట్టుకుని వద్దన్నావేంటమ్మా?"

"మొహమాటానికన్నానండి."

గవర్రాజుగారు ముక్కలు కింద పెట్టేశారు. "మరి ఉద్యోగం వద్దన్నావు? అదీ మొహమాటానికేనా?"

అత్తగారు, తోడికోడలు కూడా ఆమెకేసి చూశారు. ఇందుమతి తలెత్తింది.

"చేరతానండి," అంది.

సోమవారం నుంచి బడికి వెళ్తోంది. నాలుగో చెయ్యి లేక ఆట ఆగిపోయింది. రబ్బరుబ్యాండు వేసి మమ్మల్ని సొరుగులో పడేశారు. ఆమెకు ఉద్యోగం వచ్చింది, నాది పోయింది.