పదకొండు రోజుల సాక్ష్యం

షాలిని మంచం వైపు పట్టుకెళ్తున్న నీళ్ల చెంబును అత్త నా చేతిలోంచి లాక్కుని, పెరట్లో కరివేపాకు మొదట్లో పారబోసింది.

"పచ్చి బాలింతకి అన్ని నీళ్లేటే? బిడ్డకి రొంప సేస్తాది. పదకొండు రోజులూ పూటకి గుక్కెడు సాలు. నీకూ అలాగే సేసేను కదా, సచ్చిపోనావేటి?"

పక్క గదిలోంచి నా భర్త పాల్ నవ్వాడు. "దానికి ఆసుపత్రిలో కొత్త క్లాసులు సెప్తన్నారే అమ్మా. ప్రతిదానికీ రుజువు కావాలట."

"రుజువు కావాలంటే అద్దంలో సూసుకోమను," అంది అత్త.

షాలిని పాల్ చెల్లెలు. ప్రసవమై ఐదో రోజు. పెదవులు పొరలు లేచాయి. పొద్దుటి నుంచి ఒక్కసారే మూత్రం, అదీ ముదురు పసుపు. లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. బీపీ చూశాను, మామూలుగానే ఉంది. పదేళ్లుగా నేను రాజాంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి బాలింతల వార్డులో నర్సుని. ఈ ఇంట్లో మాత్రం నా చదువు, గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి రావలసిన వస్తువు.

మొన్న బుధవారం క్లాసులో లీలారాణి మేడం నేను నింపిన చార్టు ఒకటి తెచ్చి బల్లమీద పెట్టారు. ఒక బాలింత రోజుకు రెండు లీటర్లు తాగిందని నా చేతిరాత. "ఎలా తెలుసు?" అన్నారు. వాళ్ల అత్తగారు చెప్పిందన్నాను. "ఆ అమ్మాయిని అడిగారా?" అడగలేదు. ఆమె మంచం మీదే ఉంది. ఆమె తలమీదుగా నేను అత్తగారితో మాట్లాడాను. మేడం మందలించలేదు. "ఒక అలవాటు మంచి చేసిందని ఎవరైనా చెబితే, దాన్ని నిజంగా పాటించిందెవరో ముందు కనుక్కోండి" అన్నారంతే.

ఆ వాక్యం నాతో బస్సెక్కి ఇంటికొచ్చింది.

ఎందుకంటే ఈ వీధిలో అత్త చూపించే రుజువు నేనే. అమ్మ లేనిదాన్ని కనుక, నాలుగేళ్ల క్రితం నా పురుడు ఈ ఇంట్లోనే జరిగింది. పక్కింటి దేవికి, చర్చిలో కొత్త కోడళ్లకు అత్త నన్నే చూపిస్తుంది: "మా ప్రిస్కిల్లా నర్సమ్మే. అయినా పదకొండు రోజులూ నోరు కట్టుకున్నాది." ఈ ఇంట్లో నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. తలవంచుకుని తీసుకుంటూ వచ్చాను.

నేను నోరు కట్టుకోలేదు. స్నానాల గది గడియ వేసి, కుళాయి కింద దోసిలి పట్టి రోజూ కడుపునిండా తాగాను. రెండో నెలలో నా కొడుకు ఫిన్నీ ఆయాసంతో ఆసుపత్రిలో చేరినప్పుడు అత్త అడిగింది, "నువ్వేటైనా తాగీసేవేటే?" లేదన్నాను. నీళ్లకూ ఆయాసానికీ సంబంధం లేదని తెలిసీ, భయపడి లేదన్నాను. వాడు దగ్గినప్పుడల్లా ఆ అబద్ధాన్ని మళ్లీ కాపాడుకుంటున్నాను. ఇప్పుడు ఆ అబద్ధాన్నే రుజువుగా చూపించి షాలినికి నీళ్లు ఆపుతున్నారు. దాహంతో ఉన్న మనిషి తలమీదుగా నేను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను.

"వదినా," షాలిని నా చెయ్యి పట్టుకుంది, "నువ్వెలాగ ఓర్సుకున్నావు?"

ముందుగదిలో ఫిన్నీ దగ్గుతున్నాడు. నేను నోరు విప్పితే ఇక ఆ దగ్గుకు కారణం నేనే, బతికినన్నాళ్లూ. పాల్ కూడా ఆ దగ్గును అలాగే వింటాడు. ఏ క్లాసూ, ఏ రుజువూ ఆ మాటను వీళ్ల నోట్లోంచి తియ్యలేవు.

"ఓర్సుకోలేదు, షాలినీ. పదకొండు రోజులూ దొంగతనంగా తాగేను."

అత్త తల తిప్పి, దగ్గు వినబడుతున్న గదివైపు చూసింది. ఆ చూపు తిరిగి నా మీదికి వచ్చేలోపు, షాలినికి గ్లాసుడు నీళ్లు తాగించాను.