ఆగిపోయిన మూడు ప్రతులు

కొత్త ప్రింటర్ ఎక్కడ పెట్టాలన్నది కాలువ నీళ్ళు పంచే ఆ నీళ్ళాఫీసులో ఎవరికీ పెద్ద ప్రశ్న కాలేదు. ఇంటికొచ్చిన పెద్దమనిషిని ఎవరూ గుమ్మం పక్కన కూర్చోబెట్టరు. తలుపుకు దూరంగా, గది లోపలి కొసన, గౌరవ స్థానమైన తోర్‌లో కూర్చోబెడతారు. జిల్లా నుంచి వచ్చిన వస్తువు, అదీ స్కానింగు కూడా చేసే వస్తువు. దానికి మాత్రం ఆ మర్యాద వద్దా?

పెట్టె మోసుకొచ్చిన ఒముర్జక్ ఒక్కడే గొణిగాడు. కాలువ తూములు ఎత్తడం, దించడం అతని పని. "మధ్య గదిలో పడేస్తే పోలా? అందరికీ అందుతుంది."

"బాగుంది బైకే! మీ మామగారొస్తే గొర్రెల దొడ్లో పక్క వేస్తారా?" అంది చోల్పోన్, అతన్ని అన్నగా బైకే అని పిలుస్తూ. "డైరెక్టరు గారి గదిలోనే పెడదాం. దాని స్థానం అదే."

ఆఫీసులో కంప్యూటర్లు, ఫైళ్ళు చూసేది చోల్పోనే. ఆ మాట కాస్త గట్టిగానే అంది, లోపలికి వినబడాలని. వినబడింది. "ఈ పిల్లకి బుర్రుంది," అన్నాడు డైరెక్టర్ తష్టన్‌బెక్ లోపల్నుంచి. ఆమెకి కావలసింది అదే. రెండేళ్ళుగా తాత్కాలికపు ఉద్యోగం. పర్మినెంటు చెయ్యాలంటే ఆయన సంతకం పడాలి. మంచి మాట చెప్పి మెప్పు పొందడం తప్పా అని ఎవరైనా అడగొచ్చు. తప్పే. ఐదుగురు వాడే యంత్రాన్ని ఒక్కడి కాళ్ళ దగ్గర పెట్టడం తప్పే. అది ఆమెకి ఆ రోజే తెలుసు.

పని గంటలో అయిపోయింది. ప్రింటర్ వైరును డైరెక్టర్ కంప్యూటర్‌కి తగిలించింది. అక్కణ్ణుంచి అందరూ వాడుకునేలా దాన్ని నెట్‌వర్కులో పంచింది. మిగతా మూడు కంప్యూటర్ల దగ్గరికీ వెళ్ళి, బటన్ నొక్కితే కాగితం నేరుగా అక్కడికే పోయేటట్టు అమర్చింది. అందర్నీ పిలిచి చూపించింది కూడా. ఒక్క సంగతి చెప్పలేదు. డైరెక్టర్ కంప్యూటర్ ఆపేసి ఉంటే కాగితం రాదు, కానీ పంపింది ఎక్కడికీ పోదు. వరుసలో కాచుకుని కూర్చుంటుంది. పంపిన కంప్యూటరూ, డైరెక్టర్ కంప్యూటరూ మళ్ళీ ఆన్ కాగానే బయటికొస్తుంది.

నాలుగు రోజులు గడిచాయి. సాయంత్రం ఐదయింది. డైరెక్టర్ వెళ్ళిపోయాడు.

"చోల్పోన్, ఇలా రావే! నీ కొత్త అతిథి మూగదిలా ఉంది," అని పిలిచింది బురుల్‌కాన్.

బురుల్‌కాన్ అంటే అందరికీ అక్క, ఎజే. ఇరవై నాలుగేళ్ళుగా నీటి వంతుల రిజిస్టరు రాస్తోంది. ఏ రోజు ఎవరి పొలానికి నీళ్ళు పోయాయో ఆమెకి తెలిసినంతగా కాలువకి కూడా తెలియదు. ఈ వేసవిలో దిగువ ఊరికి రావలసిన పదకొండు రోజుల నీళ్ళు డైరెక్టర్ బావమరిది ఆప్రికాట్ తోటలోకి పోయాయి. దిగువన ఉల్లి చేలు నిలువునా ఎండాయి. ఇదంతా ఆఫీసులో అందరూ చూశారు, అందరూ చాయ్ తాగారు. ఎజే మాత్రం ఊరుకోలేదు. ఉల్లి రైతులు పదకొండు మంది పేర్లతో ప్రాసిక్యూటర్‌కి అర్జీ రాసింది. డైరెక్టర్ బలవంతం మీద తూము ఎత్తిన తేదీలు ఆమెకి చెప్పింది ఒముర్జక్. ఈ ఇద్దరికి తప్ప ఆఫీసులో మూడో మనిషికి తెలియదు.

చోల్పోన్ వచ్చి తెర మీద వరుస తెరిచింది. కాచుకుని ఉన్నవి మూడు. మూడింటికీ ఒకటే పేరు: ప్రాసిక్యూటర్‌కి అర్జీ, నీటి వంతులు.

ఆ పేరు పూర్తిగా చదివింది. ఎజే వెనక కోటు తొడుక్కుంటోంది. మూడింటినీ పట్టుకుని చెరిపేస్తే సరి, అర నిమిషం పని. చెయ్యి మౌస్ మీదే ఉంది. కానీ చెరిపితే, చదివినట్టు. చదివానని తేలితే, ఎటువైపు నిలబడ్డావో చెప్పాలి. ఆ సంతకం ఇంకా పడలేదు.

"డైరెక్టరు గారి కంప్యూటర్ ఆపేసుంది ఎజే. ఇవాళ రాదు," అని విండో మూసేసింది.

"పోన్లే. బజార్లో వేయించుకుంటాను."

భయపడ్డవాళ్ళు పరుగెత్తుతారనుకుంటాం. లేదు. టేబుల్ సర్ది, రేపు కలుద్దామని చెప్పి ఇంటికి పోతారు. చోల్పోన్ అలాగే పోయింది.

మర్నాడు ఎజే ఎప్పట్లాగే ఎనిమిదికి కంప్యూటర్ ఆన్ చేసి చాయ్‌కి నీళ్ళు తేవడానికి వెళ్ళింది. తొమ్మిదికి డైరెక్టర్ వచ్చాడు. కాసేపటికి గోడ అవతల ప్రింటర్ మేలుకుంది. ఒక ప్రతి. రెండో ప్రతి. మూడు. ఏదో వంక పెట్టి లోపలికి దూరి ఆ కాగితాలు లాక్కోవచ్చు. చోల్పోన్ కుర్చీ అంచులు పట్టుకుని కూర్చుంది. తర్వాత చప్పుడు లేదు.

డైరెక్టర్ నవ్వుతూ బయటికొచ్చాడు. చేతిలో ఏమీ లేదు. "ఎజే, మీ ఆరోగ్యం గురించి ఆలోచించాను. కొండ మీద రిజర్వాయరు దగ్గర మనిషి కావాలి. గాలి బాగుంటుంది. సోమవారం నుంచి వెళ్ళండి. రిజిస్టరు ఇక్కడ ఇచ్చెయ్యండి."

"పెన్షన్‌కి ఏడాది ఉంది నాకు. నలభై కిలోమీటర్లు రోజూ ఎక్కనా?"

"ప్రాసిక్యూటర్ దాకా నడవగలిగినవారికి అదెంత?" అన్నాడు. ఆయన చుట్టూ ఒకసారి చూసి, "నాకు మనవాళ్ళే చెప్పారు లెండి," అన్నాడు. కాగితం కంటే ఈ అబద్ధం ఎక్కువ పనికొస్తుందని ఆయనకి తెలుసు. నలుగురిని చీల్చాలంటే నాలుగు మాటలు చాలు.

మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఎజే రొట్టె తుంచి ఒక్కొక్కరికీ అందించింది. ఒముర్జక్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి అతన్ని దాటిపోయింది. తర్వాత కప్పుల్లో చాయ్ పోసింది. ఉండమనే మనిషికి సగం కప్పే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పొయ్యడానికి. ఒముర్జక్ కప్పు అంచు దాకా నింపింది. తాగి లేచిపొమ్మని.

అతను ఆ కప్పు ముట్టుకోలేదు.

"తాగవేం బైకే? డైరెక్టరు గారి గదిలో చాయ్ ఇంకా తియ్యగా ఉంటుందా?" అన్నాడు అకౌంటెంట్ కెన్జెబెక్.

"నేను చెప్పలేదు," అన్నాడు ఒముర్జక్.

"మరి అర్జీకి కాళ్ళొచ్చాయా?" అంది ఎజే, అతని వైపు చూడకుండా.

అతను టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. చోల్పోన్ ముందు కప్పులో చాయ్ సగమే ఉంది. ఒక గుటక తాగి పక్కకి జరిపింది.

రెండింటికి డైరెక్టర్ పిలిచాడు. టేబుల్ మీద ఆమె పర్మినెంటు ఉత్తర్వు, సంతకం చేసి ఉంది. "నువ్వు నోరు విప్పకపోయినా నాకర్థమైంది," అన్నాడు. "ప్రింటర్ ఇక్కడే పెట్టాలని పట్టుబట్టింది నువ్వే కదా. తెలివైన పిల్లవి."

అలా కాదండీ అనాలి. నేను ఆ ఉద్దేశంతో పెట్టలేదు అనాలి. అన్నా ఏం తేడా? ఆ ఉద్దేశం ఉన్నవాడైనా ఇదే చేసేవాడు. కాగితం తీసుకుని, "థాంక్సండీ," అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని గుమ్మం దాటాక గానీ తెలియలేదు.

తిన్నగా కాలువ గట్టుకి నడిచింది. ఒముర్జక్ తూము చక్రానికి గ్రీజు పూస్తున్నాడు. మొత్తం చెప్పింది: వరుస, మూడు ప్రతులు, చదవడం, మూసెయ్యడం, ఉత్తర్వు. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని గబగబా చెప్పేసింది.

అతను చేతులు తుడుచుకున్నాడు. "నాకెందుకమ్మా చెప్తున్నావ్? నేను చెప్పలేదని నాకు తెలుసు. తెలియనివాళ్ళు అక్కడున్నారు."

"మీరు కూడా వస్తారా బైకే?"

"రాను. నీ కాళ్ళు బాగానే ఉన్నాయిగా."

తిరిగొచ్చేసరికి ఎజే సొరుగు ఖాళీ చేస్తోంది. కెన్జెబెక్ ఎదురుగానే ఉన్నాడు. చోల్పోన్ నిలబడే చెప్పింది.

"పేరు చదివావా?" అంది ఎజే.

"చదివాను."

"చెరపడం వచ్చా నీకు?"

"వచ్చు."

ఎజే సొరుగులోంచి ఇంకో కట్ట తీసి సంచిలో పెట్టింది. తిట్టినా బాగుండేది. కెన్జెబెక్ ఏదో అనబోతే, "నువ్వు నోర్ముయ్. ఒముర్జక్ కప్పు నింపింది నేను, మాట అన్నది నువ్వు," అంది. తర్వాత చోల్పోన్ వైపు తిరిగింది. "ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. ఆ పదకొండు పేర్లూ ఇప్పుడు డైరెక్టర్ టేబుల్ మీదున్నాయి. రేపు ఆ చేలకి చుక్క నీరు రాదు. వాళ్ళకి తెలియాలి. పొద్దు గూకకముందే ప్రతి ఇంటికీ పోయి చెప్పు. ఎవరు బయటపెట్టారో కూడా చెప్పు. బజారు ప్రతి నా దగ్గరుంది, రేపు నేనే తీసుకెళ్ళి ఇస్తాను. వాళ్ళు పేర్లు ఉంచమంటారో తీసెయ్యమంటారో కనుక్కురా."

"మీరు నన్ను ఏమీ అనరా?"

"నిన్నేమీ అనలేదు నేను. ఇంకా అనలేదు. వెళ్ళు."

దిగువ ఊరు గంట నడక. ఉత్తర్వు ఆమె సంచిలోనే ఉంది. చింపెయ్యాలనుకుంది, చింపలేదు. తనని తాను మంచిదాన్నని నమ్మించుకోవడానికి అంత తేలికైన పని ఇంకోటి ఉండదు గనక.

మొదటి గేటు దగ్గర ఒక ముసలావిడ ఎండిన ఉల్లి ఆకు గాడిదకి వేస్తోంది.

"నా పేరు చోల్పోన్, ఎజే. నీళ్ళాఫీసులో పని చేస్తాను. అర్జీలో మీ పేరు డైరెక్టర్ చేతిలో పడింది. పడేలా చేసింది నేను. పేరు ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

ముసలావిడ ఆకు కింద పెట్టి, ఆమెని కింది నుంచి పై దాకా చూసింది. "పేరు ఉంచండి," అని మాత్రం అని, గేటు వేసుకుంది.

రెండో ఇంట్లో ఒకాయన బూతులు తిట్టాడు. నిలబడి విన్నది. మూడో ఇంటి గేటు కొట్టింది. లోపల్నుంచి ఎవరో ఎవరది అని అరుస్తున్నారు. గేటు ఊచ పట్టుకుని ఊపిరి పీల్చుకుంది. ఇంకా ఎనిమిది ఇళ్ళున్నాయి.

"నేను నీళ్ళాఫీసు నుంచి," అంది.