పడమటి ఊట

చోడవరం చుట్టుపక్కల ఎవరు నుయ్యి తవ్వించినా పరదేశినే పిలిచేవారు. గుప్పెడు మన్ను తీసి, పిసికి, వాసన చూసి, ఇన్ని అడుగులకు నీళ్లు పడతాయని చెబితే పడేవి. పని మొదలెట్టే ముందు వినాయకుడికి కొబ్బరికాయ కొట్టేవాడు. నీళ్లు పడ్డాక తొలి చెంబు ఆయనకే. ఊళ్లో ఇంటింటా మరుగుదొడ్లు కట్టుకోవడం మొదలయ్యాక ఆ గోతులకీ అతన్నే పిలిచారు. నేల సంగతి ఇంకెవరికి తెలుసు?

మేనకోడలు దుర్గాదేవి ఇంట్లో నుయ్యి ఐదేళ్ల కిందట అతను తవ్విందే, ఈశాన్యంలో. మొన్న వైశాఖంలో, చెరకు పనులు లేని రోజుల్లో, మరుగుదొడ్డి గొయ్యికి కూడా తనే చోటు చూశాడు. వాస్తు ప్రకారం వాయవ్యం. మోకాలి లోతు తవ్వి రెండు బిందెల నీళ్లు పోస్తే, చుట్ట సగం కాలేలోపు నేల తాగేసింది. బంగారం లాంటి నేల, గొయ్యి ఎన్నేళ్లకీ నిండదని మురిసిపోయాడు. అడుగున సిమెంటు వేయకుండానే వరలు దింపేశాడు. నూతికి పదహారు అడుగుల దూరం.

ఆషాఢం వానలకి నూతిలో నీళ్లు చేతికందేంత పైకి వచ్చాయి. ఆ నెలాఖరునే దుర్గాదేవి కూతురు చిన్నతల్లికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండేళ్ల పిల్ల. మూడో రోజు ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయింది.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ దుర్గాదేవి అత్తగారు అచ్చియ్యమ్మది ఒకటే మాట, పసిదానికి పనస తొనలు పెట్టి తల్లే చంపుకుందని. నెల గడిచినా ఆ మాట ఆగలేదు. దుర్గాదేవి మేనమామకి కబురు పెట్టింది.

"రెండంటే రెండే తొనలు మావయ్యా. గింజ తీసీసి పెట్టేను. దానికే పోద్దేటి పిల్ల? నూతినీళ్లు వాసనొస్తన్నాయని పక్కింటోళ్లు అంటన్నారు. నువ్వు సూసి నిజం సెప్పు."

వాననీళ్ల వాసనని చెప్పి వెళ్లిపోవచ్చు. అలా చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఆ నీళ్లు ముట్టవద్దన్నాడు. బస్తా కల్లుప్పు తెప్పించి గోతిలో గుమ్మరించి, పైన నీళ్లు పోశాడు. గొయ్యి నూతిలోకి ఊరుతుంటే ఆ ఉప్పు నూతినీళ్లలో తెలుస్తుంది. రోజూ పొద్దున్నే వచ్చి నూతినీళ్లు నాలిక మీద వేసుకుని ఉమ్మేసేవాడు. మొదటి రోజు చప్పన. రెండో రోజూ చప్పనే. ఆ పూట గుళ్లో ఒక కాయ ఎక్కువే కొట్టాడు.

మూడో రోజు ఉప్పగా తగిలింది.

పరదేశి నూతి గట్టు మీంచి వంగి లోపలికి చూశాడు. ఐదేళ్ల కిందట అడుగున నిలబడి తవ్వుతుంటే ఊట పడమటి పక్క నుంచే వచ్చింది. ఎడమ పాదానికి చల్లగా తగిలితే సంబరంగా పైకి కేకేశాడు. ఆ పక్కనే గొయ్యి తీశాడు. నీళ్లు తాగే నేల మంచి నేలని జన్మంతా నమ్మిన మనిషి. తాగింది ఎక్కడికి పంపుతుందో అడగలేదు. స్వామీ, నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో అప్పుడే చూపించావు కదా, మరి గొయ్యి తీసేనాడు ఎందుకు గుర్తు చేయలేదు? అలా అనుకుని, వెంటనే లెంపలు వేసుకున్నాడు. చూపించినా చూడనిది తను.

అత్తాకోడళ్లిద్దరూ అరుగు మీదికి వచ్చారు.

"తొనలు కాదమ్మా" అన్నాడు. "నాను తీసిన గొయ్యే. ఆ మురుగు నూతినీళ్లలో కలిసిపోతంది."

దుర్గాదేవి ఊపిరి పీల్చుకుంది. నెల రోజుల తరవాత తలెత్తి అత్త వైపు చూసింది. ఆ చూపు అంతలోనే నూతి చేద మీదికి వెళ్లి ఆగిపోయింది.

"ఆ రెండ్రోజులూ నీళ్లు, నీళ్లని ఏడిసింది మావయ్యా" అంది. "అడిగినప్పుడల్లా ఇవే తోడి పట్టేను."

అచ్చియ్యమ్మ నెమ్మదిగా కోడలి పక్కన చతికిలబడింది.

"నీకు కునుకు పట్టినప్పుడు నానూ ఆ నీళ్లే పట్టేనే" అంది.