డప్పు వినపడని కౌలుదారు

కౌలుదారుణ్ని భూమిలోంచి వెళ్లగొట్టరాదన్న కొత్త చట్టాన్ని భానూరులో డప్పు కొట్టి చాటి, పోశయ్య ఇంటిదారి పట్టాడు. పుట్టుచెవిటివాడైన కౌలు రైతు కమాలుద్దీన్ దారి పక్క పొలంలో నాగలి విప్పేస్తూ కనిపించాడు. పొలం వదిలి వెళ్లిపొమ్మని భూమి యజమాని పటేలు పొద్దున్నే సైగ చేశాడు మరి.

"ఊరంతా ఇన్నది, ఎవని కోసం చాటిన్నో వాడే ఇనకపాయె!" అని పోశయ్య తనను తానే తిట్టుకున్నాడు.

డప్పు గట్టున పెట్టి, పటేలులా మీసం దువ్వి, కమాలుద్దీన్ చెయ్యి పట్టి లాగాడు. వెంటనే సర్కారు జవానులా నెత్తిన టోపీ సర్దుకున్నట్టు చూపి, లాగిన తన చేతినే ఫట్టున కొట్టుకున్నాడు.

మర్నాడు పటేలు నిజంగానే వచ్చి లాగాడు. కమాలుద్దీన్ లేని టోపీ సర్దుకుని ఆ చేతిమీద ఒక్కటేశాడు.

"ఏందిరా ఇది?" అని పటేలు గట్టుమీదున్న పోశయ్య వైపు తిరిగాడు.

"చట్టం, పటేలా!" అన్నాడు పోశయ్య. "మీరు చెవులతోని ఇన్నరు, ఆయన కండ్లతోని ఇన్నడు."