ఫ్రిజ్‌కు వేసిన తాళం

కోల్డ్ స్టోరేజీలు బాగుచేసే మెకానిక్ తన ఇంటి ఫ్రిజ్‌కు తాళం వేసి, తాళంచెవిని బెల్టుకు తగిలించుకున్నాడు. అతని భార్య సిటీ బస్సు డ్రైవరు, మోకాలు అరిగిపోయింది. బరువు తగ్గితే తప్ప ఆపరేషన్ చేయనని సర్జన్ తేల్చి చెప్పాడు. ఆపరేషన్ లేకపోతే బ్రేకు తొక్కే ఉద్యోగం చెయ్యిజారుతుంది. ఆమె నోటికి కాపలా కాయడమే తన వంతు సాయమని అతడు నమ్మాడు.

ఆమె ఏనాడూ చెవి అడగలేదు. కడుపు మాడ్చుకుని తగ్గేది. కొన్నాళ్ళకు తగ్గినదంతా వడ్డీతో సహా తిరిగొచ్చేది.

"నేను నిద్రపోయాక నా బెల్టు విప్పుతున్నావా ఏంటి?" అని అతడు చురక వేస్తే, "మీ బెల్టు నాకెక్కడ పడుతుందండీ?" అని నవ్వేసేది.

నాలుగు చీవాట్లు పెట్టిద్దామని భార్యను బరువుకు వైద్యం చేసే ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆమె చీవాట్లు పెట్టలేదు. తల్లివైపు వాళ్ళదీ ఇదే ఒళ్ళా, తెల్లవారుజాము డ్యూటీల్లో నిద్ర ఎంత దక్కుతోంది అని ఆరా తీసి, నింపాదిగా వివరించింది. కొవ్వు ఉత్త నిల్వ కాదు, మెదడుకు కబురు పంపే కణజాలం. అది కరిగితే కబురు సన్నగిల్లుతుంది. కరువొచ్చిందనుకుని మెదడు ఆకలిని పెంచి, ఒళ్ళు ఖర్చుచేసే శక్తికి కోత పెడుతుంది. ఈ తీరు చాలామటుకు పుట్టుకతో వచ్చేదే. నిద్రలేమి దాన్ని ఎగదోస్తుంది.

మెకానిక్ చెయ్యి బెల్టుకున్న తాళంచెవి మీదికి పోయింది.

"అంటే, చలిని ఒకే మట్టంలో ఉంచే థర్మోస్టాట్ లాంటిది లోపల ఒక అంకె మీద పెట్టేసి ఉంది. నేను చల్లగది తలుపు తెరిచిపెట్టి, మిషన్ ఎందుకు మోత పెడుతోందని దాన్నే తిడుతున్నానన్నమాట."

"ఆ మోత భరిస్తూనే ఈవిడ ఇన్నాళ్ళూ బస్సు నడిపారు," అంది డాక్టరమ్మ. "నావల్ల అయ్యేది కాదు."

పోలిక పూర్తిగా అతకదని అతనికీ తెలుసు: థర్మోస్టాట్‌కు తిప్పే మీట ఉంటుంది, మెదడుకు లేదు. అయినా భార్యను కొత్తగా చూశాడు. లోపల ఆకలి అరుస్తుంటే, బస్సు నిండా జనాన్ని ఒక్క కుదుపు లేకుండా దించిన మనిషి. పట్టుదల లేనిది ఈమెకా?

ఆకలికి పగ్గం వేసే మందు రాశారు. బీపీ మాత్రలాగే ఏళ్ళ తరబడి వాడాలన్నారు. మాంసకృత్తులు, పీచు ఉన్న తిండి, కండ కరగకుండా వ్యాయామం తోడయ్యాయి. ఆమె డిపోలో పోట్లాడి పగటి డ్యూటీ సాధించుకుంది. బరువు దిగింది, మొండికేసి ఆగింది, మళ్ళీ దిగింది. సర్జన్ దారికొచ్చి మోకాలికి ఆపరేషన్ చేశాడు.

ఆమె తిరిగి స్టీరింగు పట్టిన నాడు అతడు ముందు సీట్లో కూర్చున్నాడు. సిగ్నల్ దగ్గర బస్సు మెత్తగా ఆగింది.

"ఆ తాళం ఏం చేశారు?" అద్దంలోంచి చూస్తూ అడిగింది.

"నా పనిముట్ల పెట్టెకు వేశాను. చెవే ఎక్కడో పడిపోయింది."

"అయితే పని ఆగి ఇక పస్తులు మీకే," అంటూ ఆమె బ్రేకు మీంచి కాలు తీసింది.