దిగబడ్డ ఓట్ల పడవ

చిన్నరాజు ఆ సాయంత్రం ఓట్ల పడవని తగలబెట్టడానికి బయల్దేరాడు. అలాగని అతణ్ణి రాక్షసుడనుకునేరు! కొల్లేటి నడుమ ఉన్న కిక్కిసలంక మొత్తమ్మీద అంత మెత్తటి మనిషి లేడు. వలలో నీటికోడి చిక్కితే, వల తెగినా సరే, దాన్ని విడదీసి వదిలేసేవాడు.

మరి అలాంటివాడికి ఈ బుద్ధెలా పుట్టిందంటారా? కిందటి వేసవిలో, లంకవాళ్లు తాతల నాటినుంచీ చేపలు పట్టుకుంటున్న మడుగు చుట్టూ ఒడ్డునున్న ఆసామి ఒకడు గట్టు వేయించేసుకున్నాడు. చిన్నరాజు అర్జీ పట్టుకుని ఏలూరు తాలూకాఫీసుకి పోతే గుమాస్తా తలెత్తకుండానే "రేపు రా" అన్నాడు. ఎన్నిసార్లు పోయినా అదే మాట. విసిగి వేసారి టీ కొట్టు ముందు నిలబడితే, తాడేపల్లిగూడెం ప్రసాదరావు పలకరించాడు. లా చదువు మధ్యలో వదిలేసినవాడు, ఏ పార్టీలోనూ పట్టుమని నెల్లాళ్లు ఇమడనివాడు. అయితేనేం, కుర్చీ లాగి కూర్చోబెట్టాడు, టీ ఇప్పించాడు, మడుగు గొడవంతా చివరిదాకా విన్నాడు. అంతవరకూ చిన్నరాజు గోడు అలా విన్న చదువుకున్నవాడు ఒక్కడూ లేడు. పడిపోడూ మరి!

"ఈ ఓట్లన్నీ ఒట్టి మోసమండీ. ఓట్ల పెట్టెలు తగలబడితే గానీ పైవాళ్లకి చెవులు వినపడవు," అనేవాడు ప్రసాదరావు. వినగా వినగా చిన్నరాజుకి అదే నిజమనిపించింది. కాదన్నవాళ్లతో మాటలు మానేశాడు. ఆఖరికి మాట్లాడ్డానికి ప్రసాదరావు తప్ప ఎవరూ మిగల్లేదు. ప్రసాదరావు ఎప్పుడూ పెట్టెలనే అనేవాడు. ఆ పెట్టెలు పడవలో వాటంతటవి రావని ఈ అమాయకుడికి తోచనే లేదు.

యాభై అయిదు ఫిబ్రవరిలో ఎన్నికలొచ్చాయి. చిన్నరాజు తల్లి సూరమ్మ పొద్దున్నే తలంటుకుని, పెట్టెలోని చీర తీసి కట్టుకుని, పెళ్లికి వెళ్తున్నట్టు వెళ్లి ఓటేసొచ్చింది. పక్కింటి మంగాయమ్మ "ఎవరికేశావే?" అని ఎంత గుచ్చి గుచ్చి అడిగినా, "అమ్మో, చెప్పకూడదంట!" అని ఒకటే నవ్వు. చిన్నరాజు మాత్రం పోలింగు వైపు పోలేదు. వెళ్లొద్దని ప్రసాదరావు కట్టడి చేశాడు.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ దోనె వేసుకుని కిక్కిస గడ్డి పొదల్లో కాపు కాశారు. దోనెలో కిరసనాయిలు డబ్బా, నూనెగుడ్డలు, అగ్గిపెట్టె. వెలుగుండగానే ఒడ్డు చేరాలని ఓట్ల పడవ తొందరగా వస్తోంది. వస్తూ వస్తూ పొదలకి ఎదురుగా బురదలో దిగబడి ఊరుకుంది. మాఘమాసం, కొల్లేట్లో నీళ్లు తీస్తున్న రోజులు.

"దొరికారు! గీయండి అగ్గిపుల్ల!" అన్నాడు ప్రసాదరావు గుసగుసగా.

సరిగ్గా అప్పుడే పడవ నడిపే యోసేపు గెడ ఆనించి, కొల్లేరంతా వినపడేలా కేకేశాడు. "ఓయ్... పట్టండర్రోయ్!"

కొల్లేటివాళ్లకి ఆ కేక వినపడితే ఇంక ఆలోచన ఉండదు. దిగబడింది ఎవరి పడవైనా సరే, తగువులాడి మాటల్లేనివాడిదైనా సరే, దిగి భుజం పట్టాల్సిందే. అడుగులేయడం వచ్చిన నాటినుంచీ ఒంటబట్టిన అలవాటది. చిన్నరాజు అగ్గిపెట్టె ప్రసాదరావు ఒళ్లో పడేసి, దబ్బున నీళ్లలోకి దూకాడు. "ఐలేసా!" అని భుజం ఆనించి అరుస్తుంటే అప్పుడు గుర్తొచ్చింది, తనెందుకొచ్చాడో. భుజం మాత్రం తియ్యలేదు, తీస్తే పడవ ఒరుగుతుంది మరి.

పడవలోంచి ఒక బక్కపల్చటి మనిషి పంచె ఎగ్గట్టుకుని తనూ దిగాడు. దెందులూరు బళ్లో పంతులు సుబ్రహ్మణ్యం, ఎన్నికల డ్యూటీ మీద వచ్చాడు. దిగీ దిగగానే మొలలోతు కూరుకుపోయి చిన్నరాజు మెడ కావిలించుకున్నాడు.

"ఏవండీ, వదలకండి! నాకు ఈత రాదండీ!"

"వదలనండీ మాస్టారూ. కళ్లజోడు జాగ్రత్తండి," అన్నాడు చిన్నరాజు. ఈయన్నా తను తగలబెట్టబోయింది?

పైన కానిస్టేబులు కనకరాజు పెట్టెలు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. అతనికి పొదల్లోని దోనె కనపడింది. "అంత కిరసనాయిలు ఎందుకయ్యా?"

"దీపంలోకండి. మా అమ్మకి చీకటంటే భయమండి," అన్నాడు చిన్నరాజు.

అందరూ కలిసి నెట్టారు. పడవ జారింది. మాస్టారు ఒంటినిండా బురదతో ఎక్కి కూర్చుని, చెయ్యూపుతూ, "మీ మేలు మర్చిపోనండీ!" అని కేకేశాడు. చిన్నరాజుకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

దోనె దగ్గరికొస్తే ప్రసాదరావు కళ్లెర్రజేశాడు. "బుద్ధుందా? శత్రువుల పడవ గట్టెక్కిస్తావా?"

"శత్రువులెవరండీ? యోసేపా? ఆ మాస్టారా?"

"వ్యవస్థ!"

"అది పడవలో లేదండీ. ముగ్గురు మనుషులున్నారు," అన్నాడు చిన్నరాజు. డబ్బా ఎత్తి దోనె అడుక్కి తోసి, అతన్ని ఒడ్డున దింపేశాడు. ప్రసాదరావు గట్టు మీద నిలబడి తిడుతూనే ఉన్నాడు.

ఇంటికెళ్లి దాచుకోలేక తల్లికి అంతా చెప్పేశాడు. సూరమ్మ చేతిలోని గరిటెతో వీపు మీద నాలుగు వాయించింది. తర్వాత కూలబడి ఏడ్చింది.

"నా పెళ్లి మా అయ్య ఇష్టం. నా చేపల ధర సావుకారిష్టం. నా ఇష్టప్రకారం నేను చేసింది ఈ పూట వేసిన ఓటొక్కటేరా. దాన్నా కాలుస్తానని పోయావు?"

చిన్నరాజు ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "మరి మన మడుగమ్మా? అన్యాయం కాదా?"

"అన్యాయమే. రేపు నేనూ వస్తాను, మంగాయమ్మా వస్తుంది, లంకంతా వస్తుంది. ఆ గుమాస్తా తలెత్తేదాకా ఆఫీసు మెట్ల మీదే కూర్చుందాం." ఆవిడ కళ్లు తుడుచుకుని కొడుకు చెయ్యి అందుకుంది. సిరా గుర్తు కోసం వేళ్లు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంతకీ నువ్వు ఓటేశావా?"

"లేదమ్మా."

"ఓరి సన్నాసీ! అయితే ఇవాళ నువ్వు తగలబెట్టుకుంది నీ ఒక్కడి ఓటేరా!"

సూరమ్మకి నవ్వాగలేదు. చిన్నరాజుకి ఏడుపూ ఆగలేదు, కాసేపటికి నవ్వూ ఆగలేదు.